చెదలు చదివిన పుస్తకం

ఈ ఏడు మన బడిలో బైబిలును
పేజీ వదలకుండా నమిలి చదివినవి చెదపురుగులొక్కటే.
నవ్వండి, ఫరవాలేదు. నాకూ మొదట నవ్వే వచ్చింది.

వానల సెలవులయ్యాక బీరువా తెరిస్తే
సన్నటి ఎర్రమట్టి జలజలా రాలింది.
అట్ట చెక్కుచెదరలేదు. లోపల మాత్రం
నిర్గమకాండంలో మునిగి
సంఖ్యాకాండంలో తేలిన వేలెడు సొరంగం.
"కాళ్ళు తడవకుండా ఇవి కూడా ఎర్రసముద్రం దాటాయి టీచర్"
అన్నాడు ఖుంబో. కథ తెలిసే అన్నాడు గనక
తిట్టలేదు వాణ్ణి.

"నా ఫోన్లో మొత్తం ఉంది" అన్నాడు లుసుంగు.
ఉంది నాయనా. సరస్సులో చేపలూ ఉన్నాయి.
వల వేసిందెప్పుడు?
వాడు కిటికీలోంచి నీళ్ళవైపు చూశాడు.
మాలావీ సరస్సు మీద ఈగల మబ్బొకటి
పొగలా లేచి ఒంటరిగా నడుస్తోంది.

కొత్తది తెప్పించడం తేలికే.
నేను మాత్రం నోటుబుక్కులు విప్పి
ఆ చిల్లును మీకు పంచాను, తలా కాస్త,
పండగనాడు మేకమాంసం వాటాలేసినట్టు.
పాదిరిగారి ప్రతి అరువు తెచ్చి
లాంతరు చుట్టూ కూర్చోబెట్టాను:
చూసి రాయండి, పోయింది పూడ్చండి.

చదివే కన్ను జారిపోతుంది.
రాసే చెయ్యి జారలేదు,
ప్రతి మాట గుమ్మంలోనూ ఆగాల్సిందే.

మూడో రాత్రి తివోంగె పరుగెత్తుకొచ్చింది.
వాళ్ళమ్మ ఆసుపత్రిలో కాన్పులు చేస్తుంది,
ఆవిడ వేళ్ళకెప్పుడూ మందు వాసన.
"టీచర్, పసివాళ్ళను చంపమన్న రాజుకు
ఇక్కడ పేరే లేదు.
చంపని మంత్రసానులిద్దరికీ ఉంది!"
పదకొండేళ్ళుగా ఆ పేజీ పాఠం చెబుతున్నాను.
నాకు కనబడలేదు.

లుసుంగు వాటాకు ఊళ్ళ జాబితా వచ్చింది.
బయలుదేరారు, దిగారు. బయలుదేరారు, దిగారు.
"ఇదేం గ్రంథం, బస్సు టిక్కెట్టు" అని సణిగాడు.
సగం పేజీ దాటాక సణుగుడు ఆగింది.
జొహన్నెస్‌బర్గ్ గనికి వెళ్ళిన వాళ్ళ నాన్న
ఒక్కటే ఉత్తరం రాశాడు:
ముజూజులో ఎక్కాను. టేటెలో లారీ కింద పడుకున్నాను.
హరారేలో నీళ్ళు చేదు. సరిహద్దు దగ్గర రెండ్రోజులు.
అంతే. ప్రేమ అన్న మాట అందులో లేదు.
మూడేళ్ళుగా వాడు దాన్ని చొక్కా జేబులో
మడిచి, విప్పి, మడిచి, మడతల దగ్గర చింపుకున్నాడు.
"ఈ ఎడారిలో ఈతచెట్లు డెబ్భై అని
ఎవరు లెక్కపెట్టారు టీచర్?"
తెలీదు లుసుంగూ.
దాహంతో వచ్చినవాడే అయ్యుంటాడు.

అందుకే చెబుతున్నాను పిల్లలూ,
పరీక్షరోజు దాన్ని తలగడ కింద పెట్టుకోకండి,
అది తలనొప్పి మాత్ర కాదు.
పోట్లాటలో ఒట్టు వేయడానికి బయటికి తీయకండి.
ముద్దుపెట్టి బీరువాలో దాస్తే
మళ్ళీ ఎవరొస్తారో తెలుసుగా.
చేతికి ఉసీపా చేపల వాసన ఉన్నా ముట్టుకోండి.
అర్థం కానిచోట పెన్సిలుతో గీత గీయండి.
కోపమొస్తే కోపంగానే చదవండి,
దేవుడితో తగువుపడ్డవాళ్ళు అందులో చాలామందే ఉన్నారు,
వాళ్ళ మాటలు ఎవరూ కొట్టేయలేదు.

చెదలకు అక్షరమూ కాగితమూ ఒకటే రుచి.
మీకు కాకూడదు.

ఇప్పుడు మన బైబిలు కాస్త లావెక్కింది.
వలదారంతో కుట్టిన మీ పేజీలు
నడుమ ఉబ్బి, మూసినా మూసుకోవు.
ఒకచోట కిరసనాయిలు మరక.
ఒకచోట సంతోషం పట్టలేక
తివోంగె అక్షరాలు పెద్దవైపోయాయి.
ఇంకోచోట, పడవలొచ్చాయన్న కేక విని
ఖుంబో ఒక వరుస వదిలేసి పరుగెత్తాడు.

అదెక్కడో నాకు తెలుసు.
చెప్పను.