ఒక మీటరు బంజరు

ఎమ్మెస్సీలో గడ్డి మీద పని చేస్తానంటే
మా నాన్న ముందు నాకే గడ్డి పెట్టేడు.
ఇంటిపేరు గేదెల, చదువు గడ్డి!
హాస్టల్లో నవ్వని పిల్ల లేదు.
నేనూ నవ్వేను. నవ్వుకుంటూనే గరివిడి బస్సెక్కేను.

మాంగనీసు తవ్వి వదిలేసిన నల్లదిబ్బలకు ఇవతల
ఒక కొండవాలు.
నాలుగు ఇనపఊచలు, ఒక తాడు:
మీటరు పొడుగు, మీటరు వెడల్పు.
మోకాళ్ల మీద కూచుని
అందులో ఉన్నవాళ్లందర్నీ లెక్కపెట్టడం నా పని.
గరిక, చెంగలి, తుంగ, నెండ్ర,
పేరు దొరకనివి మరో ఏడు.
పూస్తేగానీ పోల్చలేను,
పూసేలోగా ఎవరో తినేసి పోతారు.

ఆ ఎవరో, అసిరయ్య తాత గొర్రెలు.
"గడ్డిని సదవడానికి గూడా కాలేజీకెల్తారేటమ్మా?"
జవాబు కోసం ఆగకుండా
చుట్ట వెలిగించుకున్నాడు.

ఆ ఏడే కంచె వేసేను.
లోపలి గడ్డికి సెలవు, బయటి గడ్డికి గొర్రెలు.
లోపలే బాగా పెరుగుతుందని
ప్రాజెక్టు కాగితాల్లో ముందే రాసేసుకున్నాం.

రెండో ఏడు ఫెలోషిప్పు ఎనిమిది నెలలు రాలేదు.
స్టేషన్ దగ్గర గదికి అద్దె బాకీ.
విజయనగరంలో ఒక ఇంటర్వ్యూ.
"గడ్డి వల్ల ఉపయోగం ఏమిటి?" అన్నాడు టై కట్టుకున్నాయన,
ఎదురుగా పాలటీ చల్లారుతుండగా.

మూడో ఏడు, కంచె లోపల
నడుమెత్తు పులికంప, వయ్యారిభామ.
ఎండినగడ్డి నిలబడే కుళ్లింది, దాని కింద మొలక లేదు.
ఆరు రకాలు.
బయట, గిట్టలు తొక్కిన చోట, తడిముక్కులు ఆనిన చోట
పందొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టేను.
పందొమ్మిదే.

తాత కంచె తీగ మీద గొంగళి ఆరేసి అన్నాడు:
"నోరు తగలని గడ్డి ముసిల్దయిపోద్ది.
అలాగని ఒకే సోట మూడ్రోజులు మేపితే సచ్చిపోద్ది.
వాన పడ్డాక ఇరవై రోజులు
మా అయ్య ఈ కొండెక్కనిచ్చీవోడు కాడు."
రాసుకున్నాను. ఇరవై రోజులు.
పుస్తకంలో ఆ మాటకి నాలుగు పేజీలున్నాయి, గ్రాఫు ఉంది.
అసిరయ్య వాళ్ల అయ్య లేడు.

థీసిస్ అయింది. ఉద్యోగమూ వచ్చింది, ఏడాది కాంట్రాక్టు.
ఏటేటా అడుక్కోవాలి, వానని అడిగినట్టే.

నిన్న ఎమ్మార్వో ఆఫీసులో మ్యాపు విప్పేరు.
ఆ వాలు చుట్టూ ఎర్రపెన్సిల్ గీత,
గీత లోపల ఒకటే మాట: బంజరు.
జీడిమొక్కలు వేస్తారట. చుట్టూ కంచె.

సంచిలోంచి పాత పేపర్ల మడతలు తీసి
గుమాస్తా బల్ల మీద
ఎండిన పరకల్ని ఒక్కోటీ పరవడం మొదలెట్టేను.
లంచ్ టైమమ్మా, అన్నాడు.
తినండి, నేనుంటాను, అన్నాను.
నెండ్ర దగ్గరికొచ్చేసరికి క్యారేజీ మూత మీద
ఆయన చెయ్యి ఆగింది.
"ఇది... చిన్నప్పుడు మా గేదెలకి కోసుకొచ్చీవోళ్లం."

ఇంకా పన్నెండున్నాయి.