ముదురు సముద్రపు బూడిద

మూత తీస్తే జిగురు వాసన రాలేదు.
ట్యూబు ముప్పై ఏళ్ల కింద బిగించిన బిరడాతోనే
రాయైపోయి పడుంది.
హుద్‌హుద్ రాత్రి కిటికీ అద్దాలన్నీ పోయినా
అటక మీద ఈ అట్టపెట్టె తడవలేదు.
ఎందుకో నేను అడగలేదు.

సీహాక్. డెబ్బై రెండో వంతు.
సజి వాళ్ల నాన్న ఓడ మీద దీని టైర్లకి గాలి పట్టేవాడట.
నౌసేనబాగ్ క్వార్టర్స్ వరండాలో సగం అతికించి
కొచ్చికి బదిలీ అయి వెళ్తూ
"మిగతాది నువ్వు చెయ్యి, కాంతం" అన్నాడు.
చెయ్యలేదు.
ఇంటరూ, డిప్లొమా, ల్యాబూ, లోనూ,
ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకేసారి.

పగలంతా అల్లిపురంలో పళ్లు చేస్తాను.
ఎవరివో దవడలు, ఎవరివో కోరలు
మైనంలో చెక్కి, పోత పోసి, మెరుగు పెట్టి
డాక్టర్లకి పంపిస్తాను. ఎవరి నవ్వునీ చూడను.
రాత్రి అవే పనిముట్లు పెద వాల్తేరు తెచ్చుకుని
రెక్క మీద రేకుల అతుకులు గీస్తున్నాను.
కళ్లకి ఇప్పుడు రెండు జతల అద్దాలు కావాలి.
చేతులకి మాత్రం ఏమీ అక్కర్లేకపోయింది.

ముక్కులో బరువు పెట్టమని కాగితంలో ఉంది,
లేదంటే తోక మీద కూలబడుతుందట.
జాలరిపేట వెళ్లి
వల కుట్టుకుంటున్న మైలపల్లి ఎర్రన్నని
ఒక సీసం గుండు అడిగాను.
"ఏ చేపకమ్మా?"
విమానానికి అన్నాను.
తల ఎత్తకుండానే ఒకటిచ్చాడు. కాస్త ఆగి,
"గాలికి లేచిపోద్ది, ఇంకోటుంచు."

రంగు పేరు ముదురు సముద్రపు బూడిద.
ఏ సముద్రపు?
ఆ పేరు పెట్టినవాడు చూసిన నీళ్లు వేరు.
మా నీళ్లు పొద్దున్న రొయ్యపొట్టు, మధ్యాహ్నం సీసాపెంకు.
అల్పపీడనం పట్టిన రోజు మాత్రం
డాల్ఫిన్స్ నోస్ కొండకీ నీటికీ మధ్య గీత చెరిగిపోయి
అంతా ఒకే మడ్డి.
అలాంటి రోజు కోసం అక్టోబరు దాకా ఆగి
కిటికీ దగ్గర కూర్చుని కలిపాను.
నలుపు, తెలుపు, ఒక్క చుక్క నీలం,
ఆ చుక్క ఎక్కువైందని మళ్లీ నలుపు.
తేమకి పాలిపోయింది. తుడిచి మళ్లీ వేశాను.

మూడు రంగుల గుండ్రాలు పసుపెక్కిపోయాయి.
అద్దానికి టేపుతో అంటించి వారం రోజులు ఎండకి వదిలితే
తెలుపు తిరిగొచ్చింది.
నా తలకి తెలుపు రావడానికి ఇంత కష్టపడలేదు.

పైలట్ గోరంత.
మొహానికి గులాబీ వెయ్యమంది కాగితం.
గులాబీ నా దగ్గర కిలోలకొద్దీ ఉంది, చిగుళ్లకి వాడేది.
మోచేతి పక్కన పెట్టుకుని చూసి
చామనఛాయ వేశాను.

బాంబులు దొండపిందెలంత.
రెండు రాత్రులు పట్టకారుతో పట్టుకుని కూర్చున్నాను.
అవి లేకపోతే విమానం చాలా అందంగా ఉంది.
అందుకే అతికించాను.

ఎడమ రెక్క మీద
కరిగిన ప్లాస్టిక్‌లో సజి బొటనవేలు.
చుట్లు చుట్లుగా, పద్నాలుగేళ్ల వేలు.
ఇసక కాగితం తడిపి అరగదీయాలి, పద్ధతి అది.
కట్టుడు పళ్ల మీద ఇలాంటి గీత కనిపిస్తే
కుర్రాణ్ణి తిట్టిపోస్తాను.
మూడు సార్లు రుద్దాను.
తర్వాత టీ పెట్టుకున్నాను.

తెల్లారేసరికి పోర్టు నుంచి ఎగిరొచ్చిన నల్లపొడి
రెక్కల నిండా.
పాతదిలా కనబడాలని ఇలాంటి పొడి
డబ్బాల్లో కొనుక్కుంటారట జనం.
మాకు గాలే తెచ్చిస్తుంది.

ఆర్డరు పట్టుకెళ్లడానికొచ్చిన గౌరినాయుడు
వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.
"ఎగురుద్దేటి మేడమ్?"
ఎగరదు అన్నాను.
వేలితో తోక నొక్కి వదిలాను.
ముక్కు ఠక్కున కిందికొచ్చి
మూడు చక్రాల మీదా నిలబడింది.
రెండో గుండు ఎర్రన్నది.