పనస తెడ్డు

నేనప్పుడు మైనం కరిగించే గుంటణ్ణి.
గొల్లపల్లి వీణల సాలలో
పొట్టు రాలి రాలి పదేళ్లకే నా తల నెరిసింది.

యుద్ధకాలం. బొబ్బిలి రన్‌వే వైపు నుంచి
సైకిలు తోసుకుంటూ వచ్చాడు నక్షా పట్నాయక్.
పర్లాకిమిడి మనిషి. చంకలో నీలం కాగితాల చుట్ట.
పరిస్తే సాల నేల చాల్లేదు:
తోక ఉంది, రెక్కల్లేవు.
నెత్తిన మాత్రం రెండు తెడ్లు.
"నిల్చున్న చోటే లేస్తుంది" అన్నాడు.
"తూనీగలాగా?" అన్నాను.
మొట్టికాయ పడింది.

మా గురువు కూర్మయ్య కాగితం కేసి చూళ్లేదు.
పనస దుంగని వేలి కణుపుతో తట్టి విన్నాడు.
మొదట్లో ఎక్కువ వాలు, కొసకి పోనుపోనూ తక్కువ.
ఆ మెలిక కోసం పదకొండు రోజులు బాడిస దించలేదు.
ఒకే మానులోంచి వచ్చిన రెండు తెడ్లు
తాడుకి వేలాడదీస్తే ఒకటి తలొంచింది.
"మైనం తేరా."
గోరంత అద్దాడు. తూకం కుదిరింది.
తర్వాత అక్కడే సీసం పోశారు.

అప్పుడు నన్ను ఒంటితాడుకి కట్టి
చేతికి రోకలిచ్చి, నెత్తిమీద కుడికి తిప్పమన్నాడు.
నేను ఎడమకి తిరిగిపోయాను.
"నేల మీదైతే కాలు తన్నిపెడతాడు ఈడు.
ఆకాశంలో దేన్ని తంతాది బాబూ, నీ బండి?"
పట్నాయక్ మూడు బీడీలు కాల్చాడు.
తోక చివర నిలువుగా చిన్న పంకా గీశాడు.
"గాలినే."

ఇక ఒక్క ముచ్చట మిగిలింది కూర్మయ్యకి.
వీణ కొసన ఉన్నట్టే దీని ముక్కునా
యాళి ముఖం చెక్కుతానన్నాడు. కూలి వద్దన్నాడు.
"అక్కడ తుపాకీ వస్తుంది మేస్త్రీ."
"దెబ్బలు తగిలినోళ్లని మొయ్యడానికన్నావు కదేటి?"
"వాళ్లనీ."

తెల్లవారుజామున
నాలుగు గుంజలకి నాలుగు మోకులు కట్టి వదిలారు.
ఎర్రమట్టి లేచి మా నోళ్లలో పడింది.
జానెడు లేచింది.
మూరెడు.
మోకులు బిగిసి మూలిగాయి.
కూర్మయ్య చెవి వాల్చి,
"రెండోది కలవలేదు" అన్నాడు.
అంతలోనే ఓ పక్కకి ఒరిగి
ఒక తెడ్డు నేలని కొరికింది.

యుద్ధం అయిపోయింది.
పట్నాయక్‌కి కటకం బదిలీ అయింది.
మిగిలిన తెడ్డుని సాల వెనక కాలవ మీద వేశాం.
దానిమీంచే నలభై ఏళ్లు నీళ్లు మోశాను.
కొత్తవాళ్లు జారిపడతారు.
చీకట్లో కూడా నా పాదాలకి తెలుసు
మెలిక ఎక్కడ మొదలవుతుందో.