దించే పద్ధతి

పొద్దున్న ఏడున్నర.
రెండిడ్లీలు లోపలికి వెళ్ళాకే
స్ట్రిప్పు చిటుక్కుమంటుంది.
ఖాళీ కడుపుతో వద్దన్నారు డాక్టర్ సుభాషిణి గారు.
సాయంత్రం వేసుకుంటే
ఆ రాత్రి నిద్ర మీద ఆశ వదులుకోమన్నారు.

హార్బర్‌లో బొగ్గు కుప్ప
పైకి చల్లగానే ఉంటుంది, లోలోపల రాజుకుంటుంది.
నా పెద్దపేగు అలా రాజుకుంది రెండేళ్ళు.
క్రేను కేబిన్‌లోంచి పొట్ట పట్టుకుని
నూట ఎనభై మెట్లు దిగేవాణ్ణి.
కింద ఓడ ఆగిపోతే
వాకీటాకీలో అబద్ధం: "కేబుల్ చూస్తన్నాను."
రక్తం పడుతోందని
నూకరత్నానికి కూడా చెప్పలేదు.

ఈ తెల్ల బిళ్ళలు మొదలెట్టిన మూడోవారం
రక్తం ఆగింది.
ఆకలి మాత్రం ఆగలేదు.
అర్ధరాత్రి చద్దన్నంలో చెయ్యి పెట్టి
దొంగలా దొరికిపోయాను నా ఇంట్లో నేనే.
రెండింటికి మెలకువ.
కోటవీధి డాబా మీద కూచుని
లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెట్టేవాణ్ణి.
డాల్ఫిన్ నోస్ మీది వెలుగు తిరిగి తిరిగి
నన్నే వెతుకుతున్నట్టుండేది.

"ఏటి బావా, మొహం బూరెలాగ పొంగిపోనాది?"
సిగ్నల్ చూసే పోలారావు నవ్వాడు.
నవ్వాక గొంతు తగ్గించి
"మోకాలికి నాకూ రెండియ్యి" అన్నాడు.
ఇవ్వలేదు.
నా కడుపుని చూసి రాసిన కొలత
అతని మోకాలికేం తెలుసు?
వారం రోజులు టీ తాగడానికి పిలవలేదు.

స్టీరాయిడ్డా? ఎముకలు గుల్లైపోతాయి, మానెయ్యి
అన్నారు మేడమీద వాళ్ళు.
నొప్పి లేదు. రక్తం లేదు.
ఇంకెందుకులే అనుకున్నాను.
స్ట్రిప్పుని ఫ్రిజ్ మీదకి విసిరాను.

రెండ్రోజులు బానే ఉంది.
మూడోనాడు తొంభయ్యో మెట్టు మీద
కాళ్ళలోంచి ఎవరో ఎముకలు లాగేసినట్టయింది.
చన్నీళ్ళ చెమట. సముద్రం ఓ పక్కకి ఒరిగింది.
టీకి పిలవని పోలారావే
తన నడుముకి నన్ను కట్టుకుని దించాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.
"ఇలాంటి సరుకే నీ ఒంట్లోనూ తయారవుతుంది.
బయట్నుంచి వస్తోంది కదాని
ఆ చిన్న కార్ఖానా షట్టరు దించుకుని పడుకుంది.
దాన్ని నిద్రలేపాలి, మెల్లగా.
నువ్వేమో ఒక్కసారిగా ఓడలు ఆపేశావు."

గోడవైపు తిరిగి పడుకున్నాను.
ఇరవై టన్నుల బరువు గాల్లో ఉండగా
బ్రేకు వదిలేసేవాణ్ణి
పంతొమ్మిదేళ్ళలో ఒక్కణ్ణి చూళ్ళేదు.
ఇంత పని తెలిసిన నాకు
ఆ మాట తోచలేదు చూశారా.

ఇప్పుడు వంటింటి గోడకి గ్యాసు కంపెనీ క్యాలెండరు.
ప్రతి సోమవారం కింద
నూకరత్నం పెన్సిల్‌తో వేసిన అంకె:
ముప్పై. ఇరవై అయిదు. ఇరవై.
రబ్బరు మాత్రం డాక్టరమ్మ దగ్గర.
ఒక వారం కడుపు మళ్ళీ గునిసింది,
ఇరవై చెరిగి ఇరవై అయిదయింది,
నేను ఏడ్చాను, అది కూడా మందేనట,
ఊరికే ఏడుపొస్తుందట.
మధ్యాహ్నం భోజనమయ్యాక కాల్షియం బిళ్ళ,
నెలకోసారి షుగరు పరీక్ష.
ఒళ్ళు వెచ్చబడితే పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా
ఫోన్ చెయ్యమన్నారు.
పర్సులో పోర్టు పాసు వెనక ఒక చీటీ:
"స్టీరాయిడ్ వాడుతున్నాను. నేను మాట్లాడలేకపోతే
దీన్ని ఆపకండి."
రాసింది మా చిన్నది, తొమ్మిదో తరగతి.
దస్తూరీ బావుంది. చదవాలంటేనే భయం.

ఈ సోమవారం అంకె అయిదు.
మొహంలో నా పాత దవడలు
కొంచెం కొంచెం కనబడుతున్నాయి.
క్రేను ఎక్కడానికి ఇంకా అనుమతి రాలేదు.
కింద పోలారావు పక్కన నిలబడి
అరచెయ్యి నేలవైపు పెట్టి ఊపుతున్నాను:
మెల్లగా. ఇంకా మెల్లగా.
పైనున్న కొత్త కుర్రాడు
విసుక్కుంటున్నట్టున్నాడు.
విసుక్కోనీ.