బరువు గాలిల ఉన్నప్పుడు

షార్జా, సజ్జా క్యాంపుల, పద్నాలుగో నంబరు రూముల
నాలుగ్గొట్టంగ ఇంకా మెలకువొస్తది.
బస్సు నాకోసం రాదని తెలుసు.
పెయ్యికి ఎవలూ లెటర్ ఇయ్యలే.

మొదటి వారం లేచి కవరాల్ తొడుక్కొని
గేటు కాడ నిలబడ్డ.
కిటికీలకెళ్లి పోశెట్టి చెయ్యి ఊపిండు.
ఎటు తిప్పాలె, ఏది లేపాలె,
ఆ ఊపుడుకు అర్థం మా పనిల లేదు.

నేను సిగ్నల్ మనిషిని. తొమ్మిదేండ్లు.
పైన క్యాబిన్ల కూసున్నోనికి నా మాట ఇనరాదు,
నా మొఖం కానరాదు,
నా చేతులే నేను.
సూపుడేలు మీదికి వెట్టి తిప్పితె లేస్తది,
కిందికి వెట్టి తిప్పితె దిగుతది.
ముప్పై ఆరంతస్తులు.
నా ఏలు తిరగకుంట ఒక్క కమ్మి లేవలే.

కంపెనీ ఇచ్చిన కాయితం
ఒక దిక్కు అరబ్బీ, ఒక దిక్కు ఇంగ్లీషు.
రెండు దిక్కులా సగం సగం అర్థమైంది.
సంతకం తెలుగుల పెట్టిన.

రెండో వారం లేవనేలే.
పై మంచం పలక మీద ఎవలో పెన్నుతోని రాసిన లెక్కలున్నయి.
ఎవల అప్పో, ఏ సంవత్సరానిదో.
కూడి సూసిన. నూటా యాభై తేడా వచ్చింది.
మల్ల కూడిన. పొద్దు గూకింది.
తినేయాల్లకు ఆకలిగాలే,
ఆకలైనయాల్లకు మెస్సు మూసిండ్రు.
జమున ఫోన్ జేస్తె "డ్యూటీల ఉన్న" అన్న.
ఏసీ మోతను ఆమె సైటు మోత అనుకున్నది.

పై మంచం జలాల్ ది సిల్హెట్. మాట తక్కువ.
ఒకనాడు బకెట్ నిండ నీళ్లు వట్టి
నా మంచం పక్కన వెట్టిండు.
"నహా లో భాయ్" అన్నడు.
నౌకరి సంగతి అడగలే.
తానం జేసిన. అంతే, పెద్ద ముచ్చటేం గాదు.
గని ఆ రాత్రి
పప్పుల ఉప్పు తక్కువైందని తెలిసింది.
వారమైంది నాకు ఉప్పు సంగతి తెల్వక.

అప్పట్నుంచి
గడ్డం గీసుకుంటున్న, ఎవలు సూడకున్నా.
అసర్ అజాన్ కు బయటవడి
లారీల యార్డు గోడ పొంటి నడుస్త.
మలయాళీ హోటల్ల ఒక్క కరక్ చాయ్,
రెండోది తాగబుద్దయితది, లేస్త.
రోజుకు రెండు కంపెనీలకే ఫోన్.
మూడో "లేదు" ఇంటె
నిద్ర వట్టదని తెలిసింది.

శుక్రారం వీడియోల వర్షిణి
బంగ్ల మీదికెళ్లి తాడుకు స్టీలు గిలాస గట్టి
నా సైగలతోని తమ్మునితో లేపిస్తున్నది.
"బాపూ, కొత్త సిగ్నల్ సూపెట్టు."

రెండు చేతులు పొట్ట ముంగట
ఒకదాంట్ల ఒకటి గట్టిగ పెనేసిన.

"దండమా?"

"కాదు బిడ్డా.
అన్నీ ఎక్కడియక్కడ ఆపుమని.
గాలి లేచినప్పుడు,
తొవ్వ సక్కగ కానరానప్పుడు
బరువును లేపద్దు, దించద్దు.
గట్లనే పట్టుకొని ఉండాలె."

ఎనుక ఉల్లిగడ్డలు కోస్తున్న జమున కత్తిపీట ఆగింది.
ఫోన్ బిడ్డ చేతులకెళ్లి తీస్కున్నది.
నా మొఖం సూడలే, చేతులు సూసింది.

"ఎన్నొద్దులాయె?"

"ఇరవై రెండు."

చానసేపు ఎవలం మాట్లాడలే.
కింద పోరడు అరుస్తున్నడు, గిలాస దించాల్నా వద్దా అని.

"తిన్నవా?" అన్నది.
తిన్న అన్న.
ఈసారి నిజంగనే తిన్న.

రేపు జబల్ అలీ పోవాలె, ఒక గోడౌన్ ల మనుషులు కావాలన్నరట.
అయితదో కాదో.
వీసా మిగిలింది ముప్పై ఎనిమిది రోజులు.
నాలుగ్గొట్టంగ మెలకువొస్తె
దుప్పట్ల నా సూపుడేలు దానంతటదే తిరుగుతుంటది.
దాన్ని రెండో చేత్తోని పట్టుకుంట,
కాసేపు.