కొమ్ము వాసన

మూడో నెలలో
ఆయన ఆకురాయి పట్టి కొమ్ము అరగదీస్తుంటే చాలు
వీధి చివరిదాకా పరిగెత్తి కక్కుకునేదాన్ని.
కాలిన జుట్టు, కాలిన గోరు, అదీ ఆ వాసన.
"పర్లాకిమిడి కోడలివి, అలవాటైపోద్దిలే" అనేది అత్త.

ఏడో నెల. పనసకాయల రోజులు.
ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే.
కొంగ మెడ వంచడానికి
ఆయన కొమ్ముని నిప్పుల మీద కాస్తున్నాడు.
పొగంతా నా ముఖానికే.
నేను పక్కనే కూచుని పనసపొట్టు కొడుతున్నాను.
ఆయనే తలెత్తి "లేచిపోలేదేం?" అన్నాడు.

అప్పుడు తెలిసింది.

మహేంద్రతనయ దాటితే పాతపట్నం, మా అమ్మ.
వంతెనకి అడ్డంగా వెదుళ్ళు.
ఇటు ఒడియాలో, అటు తెలుగులో
ఒకటే మాట: కుదరదు.
సీమంతం గాజులు అమ్మ చేతిలోనే ఉండిపోయాయి.

వేలికి తొడిగిన క్లిప్పు తొంభై ఒకటి అంది.
వార్డులో అందరినీ బోర్లా పడుకోబెట్టారు.
నన్నెలా పడుకోబెడతారు?
ఎడం పక్కకి తిప్పి
"తన్నులు లెక్కపెట్టు" అంది మినతి నర్సు,
ముసుగులోంచి, అద్దంలోంచి.
ఆవిడ ఎకొ, దుయి, తిని.
నేను ఒకటి, రెండు, మూడు.
రెండు భాషల్లోనూ ఆ రాత్రి
నాలుగు దాటలేదు.

తెల్లారకుండానే కోశారు. కిలోన్నర.
పళ్ళెంలో మాయని తిరగేసి చూసి
"అక్కడక్కడ గడ్డకట్టేసింది" అంది డాక్టరమ్మ.
నేను తిన్నదీ పీల్చిందీ దాని గుండానే కదా,
పాపం, దానికీ ఊపిరాడలేదన్నమాట.

అద్దాల పెట్టెలో బిడ్డ బ్రహ్మపురం వెళ్ళింది.
నేనిక్కడ పాలు పిండి
పట్టుకెళ్ళే మనిషి లేక
పారబోశాను. తెల్లగా, వేడిగా,
ఏ వాసనా లేకుండా.

ఇరవై రెండో రోజున ఒళ్ళోకొచ్చింది.
చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మం బయటినుంచే
ముక్కు మీదివి, కళ్ళు వాళ్ళవి అని పంచేస్తుంటే
నాకొకటే అడగాలనుండేది:
వాసన ఎలా ఉంటుంది దీనికి?
సిగ్గేసి అడగలేదు.
అత్త పోసిన సాంబ్రాణి పొగలో
దాని మాడు మీద ముక్కు ఆనించేదాన్ని.
గోడకి ఆనించినట్టే ఉండేది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం
అన్నం వారుస్తుంటే గుప్పుమంది
కాలిన కొమ్ము.
ఆయన ఇంట్లో లేడు. కుంపటి ఆరిపోయి ఉంది.
కాఫీ చూశాను, కొమ్మే. సబ్బు, కొమ్మే.
వాసన ముందు వంకరగానే వస్తుందట,
సర్దుకోడానికి ఎన్నాళ్ళో చెప్పలేరట.

ఉయ్యాల దగ్గరికి వెళ్ళాను.
భయంభయంగా వంగాను.

ఈసారి కడుపులో తిప్పలేదు.