ఆగినాక కారేది

మైలవరం డ్యాము గట్టున
మూడు దినాలుగా కట్టేసి ఉండాది లాంచి.
పొద్దుటూరు బస్సు దిగిన కుళ్ళాయప్ప
సంచి దించకముందే డిప్‌స్టిక్ గుంజినాడు.

పాలెక్కువైన కాఫీ రంగు.
కంసాలి గీటురాయి మీద గీసినట్టు
బొటనవేలికి రాసి, వాసన చూసి,
"ఇది నూనె కాదబ్బీ, చిలికిన చల్ల" అన్నాడు.

"ట్యాంకులో నీళ్ళు తగ్గుతాండాయా?"
తగ్గుతాండాయంటి.
ఉగాది ముందు నుంచి
పొద్దున్నే ఒక లీటరు పోస్తాండా.
ఎవరికీ చెప్పలా.
ఓనరు ఓబుళమ్మకు అసలే చెప్పలా.

నా మొగం చూడకుండానే అన్నాడు:
"చీనీచెట్టుకు చెంబు లెక్కన పోసే ఊళ్ళో పుట్టి
దినామూ లీటరు యాడికి పోతాందో
అడగనే లేదా నువ్వు?"

స్టార్ట్ చేయనియ్యలా.
తెల్లపొగ వచ్చిందా అంటే, లేదంటి.
తిరిగేటప్పుడు ట్యాంకులో బుడగలు?
అవీ లేవంటి.
మూత తీసినాడు. నీళ్ళ మీద
వేలెడు మందం నల్లటి నూనె తెట్టు.
"అట్లయితే గ్యాస్కెట్ కాకపోవచ్చు."
నా గుండెలో ఒక బోల్టు వదులయింది.

ఆయిల్ కూలరు విప్పి
ఒక మూతికి రబ్బరు బిళ్ళ బిగించి
ఇంకో మూతికి సైకిల్ పంపు తగిలించి
మేం సంగటి వండుకునే డేక్సాలో ముంచినాడు.
పంపు కొట్టేది నేను.
ఇరవై. ఏం లేదు.
ముప్పై. చెమట.
నలభై దాటినాక
ఆవగింజంత బుడగ.
దాని ఎనకాలే, అదే చోటు నుంచి, ఇంకోటి.

"తిరిగేటప్పుడు నూనెదే జోరు,
నీళ్ళలోకి అదే తోసుకుంటాది.
నువ్వు ఆపేసి ఇంటికి పోయినాక
నూనె చల్లగా పడుకుంటాది,
కాగిన నీళ్ళు మాత్రం ఇంకా ఊపిరి బిగబట్టే ఉంటాయి.
అప్పుడు దూరతాయి."

పగలంతా చెవొగ్గి నేను విన్నది
తిరిగే ఇంజన్ని.

సంపు ప్లగ్గు వదులు చేస్తే
మొదట నీళ్ళు వచ్చినాయి,
తేటగా, గ్లాసెడు, నేను పోసినవే.
ఆ తర్వాత చల్ల,
మందంగా, ఎంతకీ తెగని దారం మాదిరి.

ఓబుళమ్మ గట్టు దిగొచ్చి
డబ్బాలోకి తొంగిచూసి "ఇదేందిరా?" అనింది.
కుళ్ళాయప్ప స్పానరు తుడుచుకుంటా
నా తట్టు చూసినాడు.
పంపు ఇంకా నా చేతిలోనే ఉండాది.